గే ఫ్రెండ్లీ అంటే ఎవరికి ఫ్రెండ్లీ? బీచ్ ఊళ్ల బార్లు, కేఫ్‌లు, మన ఫ్యామిలీ సెక్షన్

నెల్లూరు, ఒంగోలు నుంచి గోవా, పట్టాయా, ఫుకెట్ వెళ్లొచ్చేవాళ్లకు ఇప్పుడు కొదవ లేదు. రూమ్ కోసమో కేఫ్ కోసమో ఫోన్లో వెతుకుతుంటే కొన్నింటి పక్కన ఎల్‌జీబీటీక్యూ ఫ్రెండ్లీ అన్న గుర్తు కనబడుతుంది. అది గేలకు మాత్రమేనేమో అనుకుని పక్కకు జరిగేవాళ్లున్నారు. అక్కడ ఏదో గలీజు వ్యవహారం నడుస్తుందని నమ్మేవాళ్లున్నారు. ఇంట్లో చెప్పుకోలేక లోలోపల నలిగిపోయే మన ఊరి పిల్లలు కొందరు ఆ గుర్తును చూసి, ఇక్కడ ఇక భయం లేదని ధైర్యంగా లోపలికి అడుగు పెడతారు. మొదటి రెండు అభిప్రాయాలు తప్పు. మూడోది కొంతవరకే నిజం. ఆ 'కొంతవరకు' దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

గే బార్ వేరు, గే ఫ్రెండ్లీ బార్ వేరు, గే నైట్ వేరు

మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు గే. ఆడవాళ్లను ఇష్టపడే ఆడవాళ్లు లెస్బియన్. పుట్టినప్పుడు కాగితం మీద రాసిన లింగంతో తమను తాము పోల్చుకోలేనివాళ్లు ట్రాన్స్‌జెండర్లు. ఎవరి మీద మనసు పడతారన్నది ఒక సంగతి, తాము ఎవరన్నది ఇంకో సంగతి. అందరినీ కలిపి ఎల్‌జీబీటీక్యూ అనో, క్వీర్ అనో అనడం వాడుకలోకి వచ్చింది.

గే బార్ అంటే ముఖ్యంగా గేల కోసమే నడిచే బార్. వేరేవాళ్లు రాకూడదని కాదు, వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. గే ఫ్రెండ్లీ బార్ లేదా కేఫ్ అందరిదీ. ఇద్దరు మగవాళ్లు చేతిలో చెయ్యేసుకుని కూర్చున్నా, భార్యాభర్తలు పిల్లలతో వచ్చినా ఒకే మర్యాద చేస్తామని యజమాని చెప్పుకునే చోటు. ఫోన్ మ్యాప్‌లో కనబడే గుర్తు ఎక్కువగా యజమాని తనకు తాను పెట్టుకున్నదే. ఎవరో వచ్చి పరీక్ష చేసి ఇచ్చిన సర్టిఫికెట్ కాదు.

ఇక పట్టాయాలో డబ్బులకు తోడు దొరికే గోగో బార్ల సంగతి పూర్తిగా వేరు. అలాంటి బార్లలో ఆడవాళ్ల కోసం వచ్చే మగవాళ్లవే ఎక్కువ. వాటిని చూసి గే ఫ్రెండ్లీ కేఫ్ గురించి ఒక అంచనాకు రావడం అన్యాయం.

మూడోది గే నైట్. మన దేశంలో ఎక్కువగా కనబడేది ఇదే. దీని లెక్క అర్థం కావడానికి ఒక బీచ్ కేఫ్‌ను ఊహించుకుందాం. 12 టేబుళ్లున్నాయి. శని, ఆదివారాల్లో నిండుతాయి. మంగళవారం సాయంత్రం 3 టేబుళ్లకు మించి రారు. టేబుల్‌కు 800 రూపాయల బిల్లు, రెండు విడతలు తిరిగినా 4,800. అద్దె, జీతాలు, కరెంటు మాత్రం రోజూ ఒకటే. ఒక క్వీర్ బృందం వచ్చి నెలకో మంగళవారం సాయంత్రం మాకు ఇవ్వండి, 50 మందిమి వస్తాం, మనిషికి 500 ఖర్చు పెడతాం అంటుంది. 25,000. యజమాని ఒప్పుకుంటాడు. ఆ రాత్రికి బౌన్సర్‌కు, వెయిటర్లకు ముందే చెప్పి ఉంచుతాడు. బోర్డు మారదు, మ్యాప్‌లో గుర్తు రాదు.

ఇందులో ఇద్దరికీ మేలే. కానీ బుధవారం అదే కేఫ్‌కి ఆ బృందంలోని ఒక జంట వస్తే ఏమవుతుంది? వెయిటర్ గుర్తుపట్టి నవ్వొచ్చు, కొంచెం దూరంగా కూర్చోండి అనొచ్చు. మంగళవారం దొరికిన మర్యాద ఆ సాయంత్రం వరకే అద్దెకు తీసుకున్నది. ఆ కేఫ్ రోజూ పాటించే పద్ధతిగా అది ఇంకా మారలేదు.

ఇలాంటి ఊళ్లు సముద్రం ఒడ్డునే ఎందుకు పుట్టాయి

గేలు ఎక్కువగా వెళ్లే బీచ్ ఊళ్లు కొన్ని చూద్దాం. స్పెయిన్‌లో సిట్జెస్ అనే ఊరు బార్సిలోనాకు సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1890ల్లో సాంటియాగో రుసిన్యోల్ అనే చిత్రకారుడు అక్కడ స్థిరపడ్డాడు, ఆయన వెంట కళాకారులు వచ్చారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కొసన ఉన్న ప్రావిన్స్‌టౌన్ పోర్చుగీసు బెస్తవాళ్ల ఊరు. 1899లో చార్లెస్ హాథార్న్ అనే చిత్రకారుడు అక్కడ బడి పెట్టాక అదీ కళాకారుల ఊరైంది. న్యూయార్క్ పక్కనున్న ఫైర్ ఐలండ్‌కు పడవలో వెళ్లాలి, చాలా భాగంలో కార్లు తిరగవు. బ్యాంకాక్‌కు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న పట్టాయా కూడా ఒకప్పుడు చేపలు పట్టుకునే పల్లె. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికన్ సైనికులు సెలవు గడపడానికి రావడంతో దాని రాత మారింది. అక్కడి బాయ్జ్‌టౌన్ సందు, జోమ్‌టియెన్ వైపున్న డాంగ్‌టాన్ బీచ్ గే టూరిస్టులకు బాగా తెలిసిన చోట్లు.

ఈ ఊళ్లన్నిటికీ పోలికలున్నాయి. దగ్గర్లో ఒక మహానగరం ఉంది, అక్కడి నుంచి కొద్ది గంటల్లో వచ్చేయొచ్చు. వచ్చినవాళ్లు ఊరికి కొత్త, వాళ్ల అమ్మానాన్నలెవరో ఎవరికీ తెలియదు. సీజన్ అయిపోతే ఇళ్లు, దుకాణాలు ఖాళీ కాబట్టి అద్దె తక్కువ. బయటివాళ్లను చూసి చూసి ఊరివాళ్లకు అలవాటైపోయింది. దేశం మొత్తం వ్యతిరేకంగా ఉన్న రోజుల్లో కూడా ఇలాంటి చోట రెండు బార్లు బతకగలిగాయి. వాటి పేరు విని ఇంకొందరు వచ్చారు.

ఇప్పుడు మైపాడు సంగతి చూడండి. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. ఆదివారం సాయంత్రం సగం నెల్లూరు అక్కడే ఉన్నట్టుంటుంది. కార్తీక మాసంలో సముద్ర స్నానాలకు కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. మొక్కజొన్న పొత్తు కొనుక్కుని ఇటు తిరిగితే బాబాయి కొడుకు, అటు తిరిగితే ఆఫీసులో పక్క సీటాయన. ఒంగోలు వాళ్లకు కొత్తపట్నం బీచ్ కూడా అంతే. అక్కడికి ముఖ్యంగా వచ్చేది మహానగరం నుంచి ఎవరికీ తెలియని టూరిస్టు కాదు, మన ఊరివాడే. సిట్జెస్‌ను సిట్జెస్‌ చేసిన మొదటి కారణం మన దగ్గర లేదు. మన వాళ్లు ఛాందసులు కాబట్టి ఇక్కడ ఇలాంటి కేఫ్‌లు రాలేదు అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. 1960ల నాటి స్పెయిన్ నియంత ఫ్రాంకో ఏలుబడిలో ఉంది, ఛాందసంలో ఎవరికీ తీసిపోలేదు.

అందుకే మన జిల్లాల పిల్లలు ఇక్కడ చేయలేని పని చెన్నైలో, హైదరాబాద్‌లో, బెంగళూరులో చేస్తారు. నెల్లూరు నుంచి చెన్నై మూడు గంటల దారి. ఆ మూడు గంటలే వాళ్లకు కావలసిన దూరం.

ఒక గ్లాసు కోసం గొడవ ఎందుకైంది

కూర్చోవడానికి పార్కులున్నాయి, గుళ్లున్నాయి, ఇళ్లున్నాయి, బారే ఎందుకు అని అడిగేవాళ్లకు జవాబు చరిత్రలో ఉంది. ఇంట్లో కుదరదు. పార్కులో పోలీసు. కాబట్టి చీకటిగా, తలుపు మూసి ఉండే బార్ ఒక్కటే మిగిలింది. కానీ బార్‌కు లైసెన్సు కావాలి, లైసెన్సు ప్రభుత్వం చేతిలో ఉంటుంది. న్యూయార్క్‌లో గేలు కూడితే చాలు, అది అల్లరి బార్ అని ముద్ర వేసి లైసెన్సు పీకేసే భయం యజమానులకు ఉండేది.

1966 ఏప్రిల్ 21న గేల హక్కుల కోసం పనిచేసే మాటషీన్ సొసైటీ సభ్యులు కొందరు అక్కడ విలేకరులను వెంటబెట్టుకుని ఒక్కో బార్‌కీ వెళ్లారు. మేం స్వలింగ ప్రేమికులం, మాకు డ్రింక్ ఇవ్వండి అని అడిగారు. కొన్ని చోట్ల ఇచ్చేశారు. జూలియస్ అనే బార్‌లో బార్‌టెండర్ గ్లాసు ముందు పెట్టాడు, ఆ మాట వినగానే దాని మీద చెయ్యి అడ్డం పెట్టేశాడు. ఆ క్షణాన్ని ఫొటో తీశారు, ఇప్పటికీ కనబడుతుంది. నిజానికి జూలియస్‌కు అప్పటికే గేలు చాలామంది వచ్చేవారు. చెప్పకుండా తాగితే పర్వాలేదు, చెప్పి తాగితేనే తప్పు. మూడేళ్ల తర్వాత, 1969 జూన్ 28 తెల్లవారుజామున స్టోన్‌వాల్ ఇన్ బార్ మీద పోలీసులు దాడి చేసినప్పుడు జనం తిరగబడ్డారు. ప్రపంచమంతా జూన్‌లో జరిగే ప్రైడ్ ఊరేగింపులకు మూలం అదే.

జూలియస్‌లో జరిగినదాన్ని గుర్తుపెట్టుకోండి. నెల్లూరు ట్రంక్ రోడ్డు మీది బార్‌ను అర్థం చేసుకోవడానికి అదే తాళంచెవి.

గేల ఊళ్లోనే ఒకరిని బయటికి పంపిన రోజు

ఫైర్ ఐలండ్‌లో పక్కపక్కనే రెండు పల్లెలున్నాయి, చెర్రీ గ్రోవ్, పైన్స్. రెండింటికీ గేలు వెళ్తారు. పైన్స్‌కు కొంచెం డబ్బున్నవాళ్లు, దర్జాగా కనబడాలనుకునేవాళ్లు వెళ్లేవారు. 1976లో చెర్రీ గ్రోవ్ నుంచి టెరి వారెన్ అనే ఆయన ఆడవేషంలో పైన్స్‌లోని బ్లూ వేల్ అనే చోటికి వెళ్తే లోపల సర్వ్ చేయనన్నారు. కారణం ఆ ఆడవేషమే. గే అయితే ఫర్వాలేదు, ఆడంగిగా కనబడకూడదు.

జూలై 4 అమెరికా స్వాతంత్ర్య దినం. ఆ రోజున టెరి వారెన్ స్నేహితులు అందరూ గౌన్లు, విగ్గులు, హీల్స్ వేసుకుని పడవ మాట్లాడుకుని పైన్స్ రేవుకు వెళ్లి దిగారు. ఒడ్డున ఉన్నవాళ్లు ఆశ్చర్యపోయారు, చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత అది ఏటా జరిగే పండగైపోయింది, ఇప్పుడు పెద్ద ఫెర్రీ నిండా జనం వేషాలు వేసుకుని వెళ్తారు.

ఈ విషయం మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడేది ఈ సంఘటనే. ఒక చోటు గే ఫ్రెండ్లీ అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన అందరికీ తలుపు తెరుచుకోదు. మామూలు మగవాడిలా కనబడే గేకి తెరుచుకుంటుంది. నడకలో, మాటలో, బట్టల్లో తేడా తెలిసిపోయేవాళ్లకు మూసుకుంటుంది. ఆడవాళ్లకు ఇంకో రకం ఇబ్బంది. ప్రపంచమంతటా గే బార్లలో మగవాళ్లవే ఎక్కువ, లెస్బియన్ల బార్లు చాలా తక్కువ. గ్రీస్‌లో లెస్బోస్ దీవిలోని స్కాలా ఎరెసోస్ లాంటి బీచ్ ఊరు, ఆడవాళ్లు ప్రత్యేకంగా వచ్చి కూడే ఊరు, అందుకే అంత అరుదు.

నెల్లూరు బార్, ఒంగోలు హోటల్: ఎవరు ఎక్కడ కూర్చుంటారు

మన బార్ అండ్ రెస్టారెంట్లలో దాదాపు అందరూ మగవాళ్లే. ఇద్దరు మగవాళ్లు గంటల తరబడి ఒకే టేబుల్ మీద కూర్చున్నా, భుజం మీద చెయ్యేసుకుని బయటికొచ్చినా తల తిప్పి చూసేవాడు లేడు. లాడ్జికి వెళ్లి ఆధార్ ఇచ్చి డబుల్ రూమ్ అడిగితే ఇద్దరు ఫ్రెండ్స్ అనుకుని తాళం చేతికిస్తారు. అదే ఒక అబ్బాయీ అమ్మాయీ వెళ్తే పెళ్లయిందా, ఏ ఊరు, ఇద్దరి అడ్రస్ వేరే ఉందేంటి అని సవాలక్ష ప్రశ్నలు. దీన్ని చూసి మన ఊళ్లలో గేలకు ఏ ఇబ్బందీ లేదు అనేవాళ్లున్నారు. ఇది జూలియస్ బార్ పద్ధతే. గ్లాసు ముందుంది, నోరు తెరవనంతవరకే. గమనించకపోవడాన్ని ఒప్పుకోవడం అనుకోకూడదు.

మామూలు హోటల్లోకి రండి. కింద జనరల్ హాలు, పక్కనో పైనో ఏసీ ఫ్యామిలీ సెక్షన్. ఇద్దరు అబ్బాయిలు ఫ్యామిలీ సెక్షన్ వైపు నడిస్తే సార్, అది ఫ్యామిలీస్‌కి అని ఆపుతారు. కిందే కూర్చుంటారు, బాధ లేదు. ఇద్దరు అమ్మాయిలు వస్తే మేడమ్, పైకి వెళ్లండి అని చూపిస్తారు. వాళ్లిద్దరూ జంట అని ఎవరికీ అనిపించదు. ఆ అనిపించకపోవడమే వాళ్లకు కాసేపు నీడ. కానీ వాళ్లు బార్‌లోకి మాత్రం అడుగు పెట్టలేరు. అడ్డు పెట్టడానికి గుమ్మం దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు, లోపలున్న 40 జతల కళ్లు చాలు. ట్రాన్స్ మహిళ వస్తే? జనరల్ హాల్లో పక్క టేబుల్ వాళ్లు గుసగుసలు మొదలుపెడతారు. ఫ్యామిలీ సెక్షన్‌లో టేబుళ్లు ఖాళీ లేవండి అంటారు, ఖాళీ కుర్చీలు కనబడుతున్నా సరే. చాలాసార్లు పార్సిల్ కట్టి గుమ్మం దగ్గరే చేతిలో పెట్టేస్తారు. పొద్దున దుకాణం ముందుకు వచ్చి చప్పట్లు కొడితే పది రూపాయలు ఇచ్చి దీవెన తీసుకునే యజమానే, సాయంత్రం ఆమె బిల్లు కట్టి కూర్చుంటానంటే ఒప్పుకోడు. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

నడక, మాట కొంచెం సుకుమారంగా ఉండే అబ్బాయిలకు కూడా ఇదే గతి. బార్‌లో వాళ్లను చూసి పక్క టేబుల్ నుంచి మాటలు వస్తాయి. గొడవ పెద్దదైతే మేనేజర్ వచ్చి లేవమనేది వాళ్లనే.

చెన్నై, హైదరాబాద్ పబ్బుల్లో ఇంకో సమస్య, స్టాగ్ ఎంట్రీ లేదనే నియమం. స్టాగ్ అంటే తోడు అమ్మాయి లేని మగవాడు. తాగిన కుర్రాళ్ల గుంపులు అమ్మాయిలను ఏడిపించకుండా పెట్టిన నియమమని యజమానులు చెబుతారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ గుమ్మం దగ్గర బౌన్సర్‌కు నిజంగా జంటైన ఇద్దరు మగవాళ్లు ఇద్దరు స్టాగ్‌ల కిందే లెక్క. ఎవరినీ ఉద్దేశించి పెట్టకపోయినా, దెబ్బ మాత్రం వాళ్లకు తగులుతుంది.

కూర్చుని మాట్లాడుకునే చోటు లేనప్పుడు మిగిలేది ఫోన్. 2009లో గేలు ఒకరినొకరు కలుసుకునే గ్రైండర్ అనే యాప్ వచ్చాక ఇలాంటి యాప్‌లు చాలా వచ్చాయి. వాటివల్ల ఒంటరితనం తగ్గినవాళ్లు ఎందరో. కానీ ఒక ప్రమాదం ఉంది. ముక్కూమొహం తెలియని మనిషిని ఊరి బయట కలవడానికి వెళ్లి, కొట్టించుకుని, ఫొటోలు ఇంట్లో చూపిస్తామన్న బెదిరింపుకు భయపడి డబ్బులు కట్టిన కేసులు దేశమంతా ఉన్నాయి. చాలామంది పోలీసులకు చెప్పరు, చెబితే ఇంట్లో తెలిసిపోతుందని. నలుగురూ ఉన్న కేఫ్‌లో, వెలుతురులో, టీ తాగుతూ మొదటిసారి కలిసే వీలుంటే ఈ ప్రమాదం చాలా తగ్గుతుంది. గే ఫ్రెండ్లీ కేఫ్ అవసరం సరదాకు మించినదని నేననడానికి కారణం ఇదే.

చట్టం ఏం చెబుతోంది, ఎక్కడ ఆగిపోయింది

1860 నాటి ఐపీసీ 377వ సెక్షన్ స్వలింగ సంబంధాలను నేరం చేసింది. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు పెద్దవాళ్ల మధ్య ఇష్టపూర్వకంగా జరిగేదానికి అది వర్తించదంది. 2013 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో అయిదుగురు జడ్జిలూ ఒకే మాటగా మళ్లీ నేరం కాదన్నారు. ఆ కేసు వేసినవాళ్లలో రెస్టారెంట్లు నడిపే రీతూ దాల్మియా, నీమ్‌రానా హోటళ్ల సహ వ్యవస్థాపకుడు అమన్ నాథ్ ఉన్నారు. విడిగా పిటిషన్ వేసిన కేశవ్ సూరి లలిత్ హోటళ్ల కుటుంబం మనిషి, ఆ హోటల్లోని కిట్టీ సు క్లబ్ గే ఫ్రెండ్లీగా పేరు పడింది. అంటే హోటల్, రెస్టారెంట్ వ్యాపారం ఈ కథలో పక్కన నిలబడి చూడలేదు, కోర్టు మెట్లెక్కింది.

నేరం కాదనడం, వివక్ష చూపకూడదనడం ఒకటి కాదు. రాజ్యాంగం 15(2) ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు, వినోద స్థలాల్లోకి రానివ్వకుండా ఆపకూడదు. ఒకప్పుడు హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టిన దేశంలో ఈ వాక్యం ఎందుకు రాశారో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మామూలుగా ప్రాథమిక హక్కులు ప్రభుత్వం మీద వాడతాం. ఇది ప్రైవేటు హోటల్ యజమానికి కూడా వర్తించే అరుదైన నిబంధన.

అందులో గే, లెస్బియన్ అన్న మాటలు లేవు. లింగం అన్న మాటలోనే ఎవరిని ఇష్టపడతారన్నది కూడా ఇమిడి ఉందని 2018 తీర్పులో జస్టిస్ చంద్రచూడ్, జస్టిస్ ఇందు మల్హోత్రా రాశారు. ట్రాన్స్‌జెండర్ల విషయంలో, తాము ఎవరన్నది కూడా ఆ మాటలోకే వస్తుందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నల్సా తీర్పు చెప్పింది. ట్రాన్స్‌జెండర్లకు 2019లో ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ప్రజలందరి కోసం ఉన్న సేవలు, వసతులు వాళ్లకు నిరాకరించకూడదని 3వ సెక్షన్ చెబుతుంది. బహిరంగ స్థలంలోకి రానివ్వకపోతే 6 నెలల నుంచి 2 ఏళ్ల వరకు జైలు అని 18వ సెక్షన్‌లో ఉంది. గేలకు, లెస్బియన్లకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. రోజువారీ జీవితంలో ఎక్కువగా గుమ్మం దగ్గర ఆగిపోయే ట్రాన్స్ మహిళకు కాగితం మీద అందరికన్నా గట్టి రక్షణ ఉండటం ఇక్కడి వింత పరిస్థితి.

జంటల విషయం. 2023 అక్టోబర్ 17న సుప్రియో కేసులో సుప్రీంకోర్టు స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేదు, అది పార్లమెంటు చూసుకోవలసిన పని అంది. కలిసి ఉండటాన్ని మాత్రం తప్పనలేదు. పెళ్లి కాని జంట హోటల్లో దిగకూడదనే చట్టమేదీ లేదని మద్రాస్ హైకోర్టు 2019 డిసెంబర్‌లో కోయంబత్తూరు కేసులో స్పష్టం చేసింది. 2021 జూన్‌లో అదే కోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇంట్లోంచి వచ్చేసిన ఇద్దరమ్మాయిల కేసు వింటూ, ఇలాంటి జంటలను పోలీసులు వేధించకూడదని ఆదేశాలిచ్చారు. మన ఆంధ్ర హైకోర్టు 2024 డిసెంబర్‌లో ఒక లెస్బియన్ జంట కేసులో వాళ్లు తమ ఇష్టప్రకారం కలిసి బతకొచ్చని, తల్లిదండ్రులు అడ్డుపడకూడదని చెప్పింది.

బహిరంగంగా అసభ్యంగా ప్రవర్తించడం భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద నేరమే, 3 నెలల దాకా జైలు, లేదా 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇది ఆడ, మగ జంటకైనా ఒకటే. చెయ్యి పట్టుకుని కూర్చోవడం అసభ్యం కాదు. కానీ అసభ్యం అంటే ఏమిటో ఆ సెక్షన్ విడమర్చి చెప్పదు, అందుకే బెదిరించడానికి అనువుగా ఉంటుంది.

అభ్యంతరాలను విడివిడిగా చూస్తే

ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడితే రెండు అభ్యంతరాలు కలగలిసి వస్తాయి. ఒకటి బార్ మీద, రెండోది గేల మీద. బీచ్‌లో మందు షాపులు, బార్లు పెరిగితే తాగి సముద్రంలో దిగి ప్రాణాలు పోగొట్టుకుంటారని, ఆడపిల్లలు వెళ్లలేరని అంటారు. అది న్యాయమైన ఆందోళన. మన రాష్ట్రంలో మందు కొనాలంటే 21 ఏళ్లు నిండాలన్న నియమం ఎంతవరకు అమలవుతుందో అందరికీ తెలుసు. అయితే ఆ ఆందోళనకూ, బార్‌లో కూర్చున్న ఇద్దరూ ఒకరినొకరు ఇష్టపడటానికీ సంబంధం లేదు. పిల్లలు చూసి చెడిపోతారన్నది రెండోది. ఎవరి మీద మనసు పడతామన్నది పక్క టేబుల్‌ను చూసి నేర్చుకునేది కాదు. అలా అయితే, చుట్టూ ఆడ, మగ జంటలనే చూస్తూ పెరిగిన నెల్లూరులో గేలు పుట్టనే కూడదు.

యజమానుల మాట తీసిపారేయదగ్గది కాదు. మాకు ఎవరైనా ఒకటేనండి, కానీ ఒక ఫ్యామిలీ మొహం చిట్లించి వెళ్లిపోయి నలుగురికి చెబితే నష్టం మాదే అంటారు. చిన్న ఊళ్లో నాలుగు ఫ్యామిలీలు తగ్గితే నిజంగానే తెలుస్తుంది. కొందరు బోర్డు పెట్టకుండా సిబ్బందికి మాత్రం మర్యాద నేర్పుతారు. అది పిరికితనం కాదని నా ఉద్దేశం, మొదటి మెట్టు కావచ్చు. కానీ బోర్డు లేకపోతే బయటున్న అబ్బాయికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

క్వీర్ మనుషుల్లోనే ఏకాభిప్రాయం లేదు. మాకు వేరే చోటెందుకు, అందరూ వెళ్లే హోటల్లోనే మామూలుగా కూర్చోనివ్వండి చాలు అనేవాళ్లు కొందరు. మామూలు చోట ఎప్పుడూ ఒళ్లు దగ్గరపెట్టుకుని కూర్చోవాలి, వారానికి ఒక్క సాయంత్రం ఆ టెన్షన్ లేకుండా ఊపిరి పీల్చుకునే చోటు కావాలి అనేవాళ్లు ఇంకొందరు. ఇదంతా డబ్బున్న టూరిస్టు కోసం చేసే వ్యాపారమని విమర్శించేవాళ్లూ ఉన్నారు. ఆ విమర్శకు ఆధారాలున్నాయి. థాయ్‌లాండ్ టూరిజం శాఖ గే టూరిస్టులను ఏళ్ల తరబడి రమ్మని పిలిచింది, సొంత పౌరులకు పెళ్లి హక్కు మాత్రం 2025 జనవరి 22న గానీ రాలేదు. ప్రావిన్స్‌టౌన్‌లో ఇప్పుడు ఇళ్ల ధరలు ఎంత పెరిగాయంటే, ఆ బార్లలో పనిచేసేవాళ్లకే ఊళ్లో అద్దె ఇల్లు దొరకడం కష్టమైంది.

మన రెండు జిల్లాలకు బార్ కన్నా కేఫ్ ముఖ్యమని నాకనిపిస్తుంది. బార్ అనగానే ఆడవాళ్లు, 21 నిండనివాళ్లు, తాగనివాళ్లు, జేబులో 100 రూపాయలే ఉన్నవాళ్లు ముందే బయట ఉండిపోతారు. కాఫీకి ఈ అడ్డులేవీ లేవు.

ఒకే కేఫ్, ఒకే సాయంత్రం, మూడు రకాల న్యాయం

కొత్తపట్నం బీచ్‌లో ఒక కేఫ్ ఉందనుకుందాం. ఒకే సాయంత్రం మూడు రకాలవాళ్లను మేనేజర్ వెనక్కి పంపాడు.

మొదట ట్రాన్స్ మహిళ. 2019 చట్టం ఆమె పక్షాన ఉంది. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి ఫలానా సెక్షన్ అని చెప్పగలదు. స్టేషన్‌లో ఆ ఫిర్యాదు తీసుకుంటారా, ఎన్నిసార్లు తిప్పుతారు అన్నది వేరే పోరాటం. ఒక ట్రాన్స్ మహిళ ఒంగోలు మహిళా పోలీస్ స్టేషన్‌లో పెట్టిన గృహహింస కేసు హైకోర్టు దాకా వెళ్లింది. ట్రాన్స్ మహిళ కూడా మహిళేనని, భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీది 498ఏ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చని 2025 జూన్‌లో కోర్టు చెప్పింది. ఆధారాలు చాలవని ఆ కేసును మాత్రం కొట్టేసింది. సూత్రం గెలిచింది, మనిషికి ఫలితం దక్కలేదు.

రెండోది ఇద్దరు అబ్బాయిలు. పక్కవాళ్లు అభ్యంతరం చెప్పారని లేవమన్నారు. వాళ్లకు 15(2) ఉంది, 2018 తీర్పులోని వ్యాఖ్యానం ఉంది. కానీ కేఫ్ మీద నేరుగా కేసు పెట్టడానికి వాళ్ల పేరు రాసిన చట్టం లేదు. హైకోర్టుకు వెళ్లాలి. లాయర్ ఫీజు, వాయిదాలు, కాగితాల మీద సొంత పేరు, ఆ పేరు ఇంట్లో తెలియడం. ఒక కాఫీ కోసం ఇంత పోరాడగలిగేవాళ్లు ఎందరుంటారు? ప్రైవేటు వ్యాపారాలు ఇలాంటి వివక్ష చూపకుండా ఆపడానికి శశి థరూర్ 2017 మార్చిలో లోక్‌సభలో ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

మూడోది ఇద్దరు అమ్మాయిలు. వాళ్లను గే అని కాదు, ఈ టైంలో ఒంటరిగా ఆడపిల్లలు ఏంటి, ఇంట్లో నంబరివ్వండి అని ఆపారు. వివక్ష ఏ కారణంతో జరిగిందో నిరూపించడం ఇక్కడ అన్నిటికన్నా కష్టం, ఎందుకంటే మేనేజర్ తాను వాళ్ల క్షేమం కోసమే అడిగానంటాడు, తను అలాగే నమ్ముతాడు కూడా. వాళ్లకు దొరికే చట్టం పై ఇద్దరబ్బాయిలకు దొరికేదే. కాకపోతే ఈ అమ్మాయిలకు కోర్టుకన్నా ముందు ఎదురయ్యేది ఆ ఫోన్ నంబరు. మేనేజర్ ఇంటికి ఫోన్ చేశాడంటే కేసు, లాయర్, రాజ్యాంగం అన్నీ తర్వాతి మాట.